లక్కూరు సముద్ర గుహల పరిరక్షణ: ఒక ప్రతిపాదన

దేశంలోని ప్రకృతి వారసత్వ సంపద అంతటిలోనూ చెక్కుచెదరకుండా ఉండగలిగేది అసలు లేనిదే అన్న సూత్రాన్ని అంగీకరిస్తే, కోలారు జిల్లా మాలూరు తాలూకాలోని లక్కూరు సముద్ర గుహలకు ప్రథమ స్థానం ఇవ్వక తప్పదు. బంగాళాఖాతం రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉండటం వల్ల వాటి గోడల మీద ఇంతవరకు ఏ ప్రేమికుడూ పేరు రాయలేదు, వాటి ముందు ఏ రిసార్టూ వెలవలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని గిట్టనివారు అనవచ్చు గానీ, ఉన్నవాటి గతి చూసినవారికి ఈ ఏర్పాటులోని ముందుచూపు బోధపడుతుంది.

సముద్ర గుహ అలల ఓపికకు ఫలితం. తీరంలో నిటారుగా నిలిచిన కొండచరియలో పగులో మెత్తని రాతిపొరో ఉంటే, విరుచుకుపడిన అల అందులోని గాలిని లోపలికి నొక్కి, వెనక్కి తగ్గుతూ ఒక్కసారిగా వదిలేస్తుంది. ఆ ఒత్తిడికి రాయి చిట్లుతుంది, అలతో కొట్టుకొచ్చిన ఇసుక, గులకరాళ్లు ఆ సందును అరగదీసి పెద్దది చేస్తాయి. గుహ ఆవలివైపుకు తెరుచుకుంటే శిలాతోరణం, తోరణం కప్పు కూలితే నీటిలో ఒంటరి స్తంభం మిగులుతాయి. విశాఖ–భీమిలి దారిలో తొట్లకొండ దగ్గర మంగమారిపేట తీరాన ఉన్న తోరణాన్ని కూల్చే హక్కు సముద్రానిదే అయినా, దానిపైకెక్కి ఫొటోలు దిగే సందర్శకులు ఆ పనిలో తమకు చేతనైన సాయం చేస్తున్నారు. అదే దారిలో ముందున్న ఎర్రమట్టి దిబ్బలకు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చోటు దక్కింది. సినిమావారి జాబితాలో వాటికి అంతకు ఎన్నో ఏళ్ల ముందే దక్కింది.

లక్కూరుకు సముద్రంతో బొత్తిగా సంబంధం లేదనడం మాత్రం జిల్లా చరిత్రకు అన్యాయం. కోలారు బంగారు గనుల ప్రాంతంలో దిండు లావా అనే శిల కనిపిస్తుంది. నీటి అడుగున పొంగిన లావా పైపొర చప్పున చల్లారి, లోపలిది ఇంకా ఉబ్బుతూ ఉండటం వల్ల గుండ్రటి ముద్దలు ఒకదానిపై ఒకటి పేరుకుని ఏర్పడిన రాయి ఇది. అంటే సుమారు 270 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ నీరు ఉండేదన్నమాట. బోరు వేయి అడుగులు దాటినా తడి తగలని నేటి రైతుకు ఈ శాస్త్ర సత్యం ఎంతటి ఊరటో చెప్పనక్కరలేదు. అగ్నిపర్వతం చిమ్మిన ముక్కలు గట్టిపడగా ఏర్పడిన శిలలతో సహా పెద్దపల్లి వద్ద ఈ రాళ్లను భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. అదే శిలాపట్టీలో బంగారం ఉన్న రాయిని మాత్రం 1880 నుంచి 2001 వరకు మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు వెంటాడి తవ్వి, సైనైడుతో కడిగి, పిప్పిని ఊరి పక్కన గుట్టలుగా పోశారు. బంగారం లేని రాయికి బోర్డు దక్కింది, ఉన్నదానికి గొయ్యి దక్కింది.

ఇంతకూ ఈ సర్వేక్షణ సంస్థ ఉన్నది కేంద్ర గనుల శాఖ కిందనే. తవ్వకాలను ప్రోత్సహించవలసిన శాఖే తవ్వకూడని రాళ్లకు సంరక్షకురాలు కావడంలో కంచెకూ చేనుకూ మధ్య ఉండవలసిన సామరస్యం వెల్లివిరుస్తుంది. భూవారసత్వ స్థలాల రక్షణకు ఆ శాఖే 2022లో ముసాయిదా బిల్లు తయారుచేసి ప్రజాభిప్రాయం కోరింది. అభిప్రాయం చెప్పే వీలు రాళ్లకు లేదు, రాళ్ల యజమానులకు ఉంది.

గుహ అంటూ కావాలంటే కోలారు పక్కనే అంతరగంగ కొండ మీద నిజమైనవే ఉన్నాయి. గ్రానైటు పగుళ్ల వెంట వాన, ఎండ పనిచేసి విడదీసిన గుండ్లు ఒకదానిమీద ఒకటి ఒరిగినప్పుడు మిగిలిన సందులే ఈ గుహలు. బెంగళూరు యువత రాత్రిపూట టార్చిలైట్లతో వచ్చి దూరేంత చేరువలో ఉండటమే వాటి దురదృష్టం.

కనుక లేని గుహలకే ప్రాధికార సంస్థను ఏర్పరచడం అన్నివిధాలా క్షేమం. అలల కొరతను సాకుగా చూపేవారికి కె.సి. వ్యాలీ పథకం సమాధానం చెప్పగలదు: బెంగళూరు మురుగు నీటిని శుద్ధిచేసి 2018 నుంచి కోలారు చెరువులకు పంపుతున్నారు, అది చాలకపోతే మహానగరం మరింత శ్రద్ధగా స్నానం చేయవచ్చు. శంకుస్థాపన ఫలకానికి రాయి కోసం ఎక్కడికో పోనక్కరలేదు, అదే తాలూకాలో టేకల్ కొండలున్నాయి. అక్కడి బండ మీద వరుసగా బెజ్జాలు తొలిచి, ఉలులు దిగగొట్టి, కొండను నిలువునా చీల్చడంలో ఆరితేరిన కార్మికులు ఉన్నారు. మంత్రిగారి పేరు ఎంత పొడుగున్నా పట్టేంత వెడల్పు పలకను వారు తేలిగ్గానే తీసివ్వగలరు.