ఒక డై స్ప్రింగు పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

కర్నూలులో ఒక ప్రెస్సు షెడ్డు గోడ మీద, విశ్వకర్మ పటానికి కింద, కరెంటు బోర్డుకు ఎడమపక్క సుద్దముక్కతో రాసి ఉన్న పద్యం ఇది. కర్త పేరు లేదు. ఛందస్సు ఆటవెలది. ఏ అక్షరమూ వరస తప్పలేదు గనక రాసినవాడు ఫిట్టరో టర్నరో అయి ఉంటాడని ఊహ.

పద్యానికి టీక రాయడం ఈ సీమకు కొత్త కాదు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌను ఆ ఊళ్ళో తన బంగళాలోనే పండితులను జీతమిచ్చి కూర్చోబెట్టి, తాళపత్ర ప్రతులు సరిచూపించి, కావ్యాలకు టీకలు రాయించాడు. వాళ్ళకు కావ్యాలు దొరికాయి, మనకు స్ప్రింగు దొరికింది. మూలంలో లేనిదీ, అక్కరలేనిదీ రాయనని మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్యాత అంత నిష్ఠాపరుడు కాడు.

ఇప్పుడీ పద్యం ఎందుకయ్యా అంటే, సందర్భం ఉంది. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ఒప్పుకున్న 12 పారిశ్రామిక నగరాల్లో రెండు మనవే: కర్నూలు దగ్గర ఓర్వకల్లు, కడప దగ్గర కొప్పర్తి. కొప్పర్తిలో ఇప్పటికే సీసీ కెమెరాలు తయారవుతున్నాయి. ప్లాస్టిక్ డొప్ప ఎక్కడైనా మోల్డులోనే పుట్టాలి, దాన్ని గోడకు బిగించే రేకు ముక్క ప్రెస్సు కింద డైలోనే పుట్టాలి. రెండింటి కడుపులోనూ కనబడకుండా పనిచేసేది స్ప్రింగే.

మూలం

రంధ్రమెంతొ కొలిచి రాడ్డెంతొ సరిచూసి
రంగు దేశమడిగి రంగు నమ్ము
నొక్కు కొంచెముంచి నూరేళ్ళు వాడుకో
కోసి వేయబోకు కొత్త డైకి

ప్రతిపదార్థము

రంధ్రము + ఎంతొ కొలిచి = స్ప్రింగు కూర్చునే గుంత వ్యాసమును వెర్నియరుతో కొలిచి; రాడ్డు + ఎంతొ సరిచూసి = స్ప్రింగు నడుమ దూరే కడ్డీ లావును కూడా చూసుకొని; రంగు దేశము + అడిగి = ఆ రంగు ఏ దేశపు లెక్క ప్రకారం వేసినదో విచారించి; రంగు నమ్ము = ఆ తరువాతనే రంగును నమ్ముము; నొక్కు కొంచెము + ఉంచి = నొక్కే దూరమును తక్కువగా పెట్టుకొని; నూరేళ్ళు వాడుకో = చిరకాలము వాడుకొనుము. నాలుగో పాదం అందరికీ అర్థమవుతుంది, ఎవరూ పాటించరు. దాని సంగతి చివర చూద్దాం.

టీక

మొదటి పాదం. డై స్ప్రింగు కేటలాగులో 25 అని రాసి ఉంటే అది స్ప్రింగు కొలత కాదు, గుంత కొలత. స్ప్రింగు దానికంటే ఒక వెంట్రుకవాసి సన్నంగానే ఉంటుంది. నొక్కినప్పుడు ఒళ్ళు కాస్త ఉబ్బుతుంది గనక ఆ ఖాళీ కావాలి. కొత్తగా చేరిన కుర్రవాడు స్ప్రింగుకే వెర్నియరు పెట్టి, 24 చిల్లర చూపిస్తోందని దుకాణదారుతో జగడానికి దిగుతాడు. ఐ.ఎస్.ఓ. 10243 ప్రమాణంలో గుంతలు 10, 12.5, 16, 20, 25, 32, 40, 50, 63 మిల్లీమీటర్లు. కడ్డీ అందులో సుమారు సగం: 25కు 12.5, 50కి 25. ఆఖరి 63కు మాత్రం 38. తీగ గుండ్రంగా కాక పలకగా ఉంటుంది. ఉన్న చోటులోనే ఎక్కువ ఉక్కు పట్టించి ఎక్కువ బలం రాబట్టడానికి ఆ ఏర్పాటు. తీగ అలా పలకగా కనబడితే అది డై స్ప్రింగని గుర్తుపట్టవచ్చు.

రెండవ పాదం. ఈ పద్యానికి ప్రాణం ఇక్కడుంది. ‘రంగు’ రెండుసార్లు వచ్చింది గనక పునరుక్తి దోషమని కొందరంటారు. దోషం కాదు. మొదటి రంగు కళ్ళతో చూసేది, రెండవ రంగు ప్రమాణం తెలిశాక మిగిలేది. ఉదాహరణకు ఈ సంవాదం చూడండి. పాత డైలో స్ప్రింగు విరిగింది. మేస్త్రీ విరిగిన ముక్క చూసి పచ్చది తెమ్మని మనిషిని హైదరాబాదు పంపాడు. వాడు పోయి పచ్చదే తెచ్చాడు. బిగించి ప్రెస్సు కొట్టగానే రేకు ఊడిరాకుండా పంచ్‌ను కరచుకొని పైకి లేచింది. రెండో దెబ్బకు పంచ్ మొన పోయింది.

“పచ్చది తెమ్మంటివి గదన్నా, పచ్చదే తెచ్చినా.”

“పచ్చదంటే యా పచ్చదని అడగొద్దా అబ్బీ?”

ఇద్దరి మాటా నిజమే. ఐ.ఎస్.ఓ. లెక్కలో పచ్చ అన్నిటికంటే మెత్తన. తరువాత నీలం, ఆపైన ఎరుపు, అన్నిటికంటే గట్టిది పసుపు. జపాను లెక్కలో పసుపు అన్నిటికంటే మెత్తన. తరువాత నీలం, ఎరుపు, ఆపైన గట్టిది పచ్చ, దానికీ మించినది గోధుమ. అమెరికా లెక్కలో నీలం, ఎరుపు, బంగారు రంగు దాటాక పచ్చ వస్తుంది, అదే అక్కడ పరమ గట్టిది. అంటే ఒకే పచ్చ ఒక సంప్రదాయంలో అట్టడుగున, ఇంకొక సంప్రదాయంలో శిఖరాన. ఎరుపు ఒక్కటే ఎక్కడా అంచున లేదు. ఆ షెడ్డు పాత డై జపాను యంత్రంతోబాటు వచ్చింది, కొత్త స్ప్రింగు ఐ.ఎస్.ఓ. సరుకు.

కర్నూలు హైదరాబాదుకు 210 కిలోమీటర్లు, అదే రోడ్డు మీద దక్షిణానికి పోతే బెంగళూరు. 1968లో బాలానగర్‌లో కేంద్ర టూల్ డిజైన్ సంస్థ వెలిసిన నాటి నుంచీ చాలా షెడ్ల చూపు ఉత్తరానికే. కాని డై ఒక ఊరి నుంచి, స్ప్రింగు ఇంకొక ఊరి నుంచి, యంత్రం మూడో దేశం నుంచి వచ్చే చోట రంగుకు స్వతంత్ర ప్రమాణం లేదని ఈ వ్యాఖ్యాత సిద్ధాంతం. రంగు పెట్టె మీది పేరు మాత్రమే. పెట్టెలో ఉన్నది మిల్లీమీటరుకు ఎన్ని న్యూటన్లు అన్న అంకె. దుకాణంలో రంగు చెప్పకుండా ఆ అంకె చెప్పి అడిగినవాడికి ఈ చిక్కు రాదు.

మూడవ పాదం. ‘నూరేళ్ళు’ అతిశయోక్త్యలంకారం. నిమిషానికి 60 దెబ్బలు కొట్టే ప్రెస్సు ఎనిమిది గంటల షిఫ్టులో 28,800 దెబ్బలు కొడుతుంది. నెలా అయిదు రోజుల్లో పది లక్షలు. స్ప్రింగుకు నూరేళ్ళంటే ఆ లెక్కన చూసుకోవాలి.

‘కొంచెము’ అంటే ఎంత? ఇచట కవి అంకె ఇవ్వలేదు, మనమే పూరించాలి. 2 మిల్లీమీటర్ల మెత్తని ఉక్కు రేకులో 20 మిల్లీమీటర్ల రంధ్రం కొడుతున్నాం. చుట్టుకొలత సుమారు 63. దాన్ని మందంతోనూ, రేకు తెగే బలం చదరపు మిల్లీమీటరుకు 350 న్యూటన్లతోనూ గుణిస్తే 44,000 న్యూటన్లు, అంటే నాలుగున్నర టన్నులు. కొట్టాక రేకును పంచ్ నుంచి ఊడదీయడానికి అందులో పదో వంతు వేసుకోవడం వాడుక. రేకును, పంచ్ పదునును బట్టి అది ఇరవయ్యో వంతుకు దిగవచ్చు, అయిదో వంతుకు ఎక్కవచ్చు. పదో వంతంటే 4,400. నాలుగు స్ప్రింగులుంటే తలా 1,100 న్యూటన్లు. మిల్లీమీటరుకు 100 న్యూటన్లు ఇచ్చే స్ప్రింగయితే 11 మిల్లీమీటర్లు నొక్కాలి. బిగించేటప్పుడే పెట్టే ముందు నొక్కు కూడా ఇందులోదే.

అసలు విచారణ ఇప్పుడు మొదలవుతుంది. స్ప్రింగు పొడవు 64 అయితే 11 అంటే 17 శాతం. అదే గట్టితనంతో 38 పొడవుది పెడితే 29 శాతం. ఐ.ఎస్.ఓ. స్ప్రింగుల్లో పచ్చదాన్ని 40 శాతం దాకా, నీలాన్ని 37.5, ఎరుపును 30, పసుపును 25 దాకా నొక్కవచ్చు. అది హద్దు, అక్కడే కాపురం పెట్టమని కాదు. ఎరుపును 20 దగ్గర, పసుపును 17 దగ్గర ఆపితే ఎక్కువ కాలం వస్తుంది. గట్టి స్ప్రింగును తక్కువ నొక్కనివ్వాలని, మెత్తనిది ఎక్కువ దూరం ఓర్చుకుంటుందని భావము. చోటున్న చోట పొడవు స్ప్రింగే పెట్టాలని ఫలితార్థము. బలం చాలకపోతే రంగు పెంచే ముందు స్ప్రింగుల సంఖ్య పెంచడం మంచిది. నలుగురు మోసే బరువును ఆరుగురికి పంచితే డైలో ప్లేటు కూడా ఒరగదు.

మోల్డు సంగతి వేరు. అక్కడ స్ప్రింగు పని ఎజెక్టర్ ప్లేటును వెనక్కి నెట్టడం. స్ప్రింగు మీదే భారం వేయకుండా రిటర్న్ పిన్నులు పెడతారు. అవి లేని చోట స్ప్రింగు అలసి ప్లేటు సగంలో ఆగితే, మోల్డు మూసుకున్నప్పుడు ఎజెక్టర్ పిన్నులు పోయి ఎదుటి పలకను పొడుస్తాయి. ఆ దెబ్బ ఖరీదు ఆ షెడ్డులోని స్ప్రింగులన్నిటి ఖరీదు కంటే ఎక్కువ.

నాలుగవ పాదం. సరైన పొడవు దొరకలేదని పొడుగుదాన్ని గ్రైండరు మీద కోసి పెట్టడం లోకాచారం. చుట్లు సగమైతే గట్టితనం రెట్టింపవుతుంది, నొక్కగలిగే దూరం సగమవుతుంది. కోసినవాడు పొడవు మాత్రమే మారిందనుకుంటాడు. పైగా ఫ్యాక్టరీలో చదునుగా సానపట్టిన కొస పోతుంది. కొత్త కొస ఒక పక్క ఎత్తుగా నిలిచి, స్ప్రింగు ఒరిగి, కడ్డీని రాసుకుంటుంది. గ్రైండరు వేడికి నీలిరంగు తిరిగిన చోట ఉక్కు పదును కూడా పోతుంది, విరిగేది అక్కడే. ఒకటి విరిగితే నాలుగూ మార్చాలన్నది ఇక్కడే చేర్చుకోవాలి. మూడు ముసలివాటి నడుమ ఒక పడుచుదాన్ని పెడితే ప్లేటు దాని పక్క ఎత్తుగా లేస్తుంది.

శంక: ‘కొత్త డైకి’ అన్నాడు గదా, పాత డైకి కోయవచ్చునా? ఆ షెడ్డులోనే ఎవడో ‘కొత్త’ను కొట్టివేసి ‘పాత’ అని దిద్దిన గుర్తు కూడా ఉంది.

సమాధానం: ఆ పాఠం అగ్రాహ్యం. ‘కోసి’కి ‘పాత’తో యతి కుదరదు. మూలంలో ‘కొత్త’ వచ్చింది యతి కోసమే గాని పాత డైకి మినహాయింపు ఇవ్వడానికి కాదు. పొడవు చాలకపోతే ఉన్న దారి రెండే: కేటలాగులో దగ్గరి పొడవు తీసుకోవాలి, లేదా గుంతను లోతు చేయాలి. రెండూ కుదరని చోట నైట్రోజన్ గ్యాస్ స్ప్రింగు ఉంది. అది కొద్ది చోటులో మొదటి నొక్కు నుంచే పెద్ద బలం ఇస్తుంది, ధర కూడా ఆ బలానికి తగ్గట్టే ఉంటుంది. గుంత లోతు చేయడానికి మిల్లింగు మిషను మీద అరపూట పడుతుంది, కోయడానికి అరనిమిషం. యజమాని గడియారం చూస్తూ పక్కనే నిలబడితే ఫిట్టరు చెయ్యి దేనికేసి పోతుందో చెప్పనక్కరలేదు. అక్కడ టీకాకారుడు చేయగలిగింది లేదు.