కిట్టుంటే చాలు, చూపెందుకు?

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఫొటో దిగాలంటే ఇప్పుడు మనిషీ, మొహమూ ఉంటే సరిపోదు. ఫోను కుదుపును సర్దే గింబల్ ఉండాలి. రింగ్ లైటు ఉండాలి. ఫోనుకు తగిలించే క్లిప్ లెన్సు, దాని మీద ఫిల్టరు, కాలరుకు మైకు, మైకుకు బొచ్చు టోపీ, వీటన్నిటికీ కరెంటు పోయడానికి పవర్ బ్యాంకు, ఇదంతా మోయడానికి హాస్టల్ రూమ్మేటు ఉండాలి. ఇవన్నీ కొంటే మీ ఫోను డీఎస్ఎల్ఆర్ అయిపోతుందని అమ్మేవాళ్ల మాట. రూమ్మేటు ఏమవుతాడో డబ్బా మీద రాయలేదు.

ఫొటో సామాను ఈ ఊరికి కొత్తేమీ కాదు. క్యాంపస్ పక్కనున్న తార్నాకకు దగ్గర్లోనే, సికింద్రాబాదులో, రాజా దీన్ దయాళ్ 1880లలో స్టూడియో పెట్టాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయనకు ముసవ్విర్ జంగ్ అని బిరుదిచ్చాడు. ఆ రోజుల్లో కెమెరా అంటే పెద్ద చెక్కపెట్టె, మూడుకాళ్ల స్టాండు, బరువైన గాజు పలకలు. పలక మీద బొమ్మ పడటానికి సమయం పట్టేది, ఈలోగా పెట్టె కదిలితే బొమ్మ చెడేది, కాబట్టి స్టాండు తప్పనిసరి. అక్కడ అవసరం ముందు పుట్టింది, సామాను దాని వెనక వచ్చింది. మన క్యాంపస్‌కు సామాను వచ్చేసింది. అవసరమే ఇంకా దారిలో ఉంది.

పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీని చూడండి. బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ గీసి ఇవ్వగా, ఏడో నిజాం 1939లో ప్రారంభించిన గులాబీ గ్రానైటు భవనం అది. ఎండ ఏటవాలుగా పడినప్పుడే రాతి మీది చెక్కడాలకు నీడలొస్తాయి, తోరణానికి లోతొస్తుంది. ఈ లైటింగు రోజుకు రెండు పూటలు, పైసా అద్దె లేకుండా దొరుకుతుంది. సరిగ్గా ఆ వేళకు మనవాళ్లు గింబల్‌కు ఫోను బిగించి బ్యాలెన్స్ చేస్తుంటారు. బ్యాలెన్స్ కుదిరేసరికి దాని యాప్ అప్‌డేట్ అడుగుతుంది. అప్‌డేట్ అయ్యేసరికి సూర్యుడు నడినెత్తికొస్తాడు, కళ్ల కింద నల్లటి గుంటలు పడతాయి. అప్పుడు సంచిలోంచి రింగ్ లైటు తీస్తారు.

మిట్టమధ్యాహ్నపు ఎండ వెలుగు సుమారు లక్ష లక్స్. దాని ముందు రింగ్ లైటు, పెళ్లి ఊరేగింపులో పెట్రోమాక్స్ పక్కన మిణుగురు. పైగా వెలుగుకు ఒక మొండి పద్ధతుంది: దూరం రెట్టింపైతే అది పావు వంతుకు పడిపోతుంది. రెండు మెట్లు వెనక్కి జరిగితే ఆ మిణుగురు కూడా మిగలదు. మిగిలేదల్లా కళ్లద్దాల్లో తెల్లటి గుండ్రం. దాన్ని తీసేయడానికి మళ్లీ ఒక యాప్ ఉంది, నెలవారీ చందా.

గింబల్ పట్టినవాళ్ల నడక వేరు. కుదుపు రాకూడదని మోకాళ్లు వంచి, మడమ నెమ్మదిగా ఆనించి, పిల్లిలా కదులుతారు. వాకింగ్‌కు వచ్చిన పెద్దాయన ఆగి, "ఏం బిడ్డా, మోకాళ్లు నొస్తున్నయా?" అని అడుగుతాడు. "అన్నా, జర పక్కకు జరుగు, ఫ్రేమ్‌లకు వస్తున్నవ్" అని జవాబు. ఇంతా చేసి తీసేది కదలకుండా నిలబడ్డ అమ్మాయిని. ఫోనులో ముందే ఉన్న స్టెబిలైజేషన్ ఆ మాత్రం పని చేతి వణుకుతో సహా చూసుకునేది.

అన్నిటికన్నా నాకు ముద్దొచ్చేది క్లిప్ లెన్సు. ఒంటి కెమెరా ఫోన్ల కాలంలో దానికి పని ఉండేది. ఇప్పుడు ఫోను వెనక రెండో మూడో కళ్లున్నాయి. మీరు ఒక కన్నుకు క్లిప్ తగిలిస్తారు, ఫోను తన సొంత లెక్క వేసుకుని చప్పుడు చేయకుండా ఇంకో కంటికి మారిపోతుంది. కొత్త లెన్సు ఖాళీ కూర్చుంటుంది, ఫొటో పక్క కెమెరాతో పడుతుంది, "చూశావా, క్లారిటీ ఎంత పెరిగిందో" అని ఓనరు మురిసిపోతాడు.

ఎన్‌డీ ఫిల్టరు కథ కొంచెం పెద్దింటిది. ఫోను కెమెరాల్లో చాలావాటికి అపర్చర్ మారదు. ఎండలో షట్టరు వేగం తగ్గించాలంటే వెలుగును అడ్డుకోక తప్పదు, అందుకే ఆ నల్లద్దం. సెకనుకు 24 ఫ్రేముల్లో తీసేటప్పుడు షట్టరు 1/48 దగ్గరుంటే కదలిక సినిమాలోలా కాస్త చెరిగి, కంటికి సాఫీగా కనిపిస్తుంది. అంతా నిజమే. అయితే కదలిక ఉండాలి కదా. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని రాతిగోడకు ఆనుకున్నవాడిలో ఏది చెరగాలి?

'ఐఫోన్‌తో సినిమా తీయలేదా' అని ఎదురు ప్రశ్న వస్తుందని తెలుసు. తీశారు. 2015లో వచ్చిన 'టాంజరిన్' ఐఫోన్ 5ఎస్‌తో తీసిందే, లెన్సు ముందు అనమార్ఫిక్ అడాప్టర్ కూడా పెట్టారు. దాన్ని తీసిన షాన్ బేకర్ అప్పటికే నాలుగు సినిమాలు తీసినవాడు. అడాప్టర్ అమ్మేవాళ్లు ఈ ఒక్క ముక్క మింగేస్తారు. కిట్టులో ఆ నాలుగు సినిమాలు రావు మరి.

మైకు మాత్రం కొనండి. తార్నాక మెట్రో స్టేషన్ కింద బస్సుల హారన్లు, ఆటోల అరుపులు, పైన రైలు. అక్కడ నోటికి జానెడు దూరంలో మైకు లేకపోతే ఎంత గొప్ప ఫోనైనా హారన్లనే శ్రద్ధగా రికార్డు చేస్తుంది. ఆ బొచ్చు టోపీ కూడా దండగ కాదు, గాలి హోరు ఆపుతుంది. కనపడకుండా చొక్కాకు పెట్టుకోవడానికే అంత చిన్నగా చేసిన మైకును, అందరికీ కనపడేలా రెండు వేళ్లతో మూతి ముందు పట్టుకుని మాట్లాడటం ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్లకో డాక్టరేటు ఇవ్వాలి.

ఇక సంచిలో ఎవరూ పెట్టుకోని వస్తువు ఒకటుంది: నూలు గుడ్డ ముక్క. సమోసా తిన్న వేలు లెన్సు మీద పడుతుంది. ఆ జిడ్డుకు రాత్రి వీధిదీపాలన్నీ తోకచుక్కలవుతాయి. తుడిస్తే పోతుంది. కానీ తుడవడాన్ని అన్‌బాక్సింగ్ చేయలేం. అందుకని లోపం ఫోనుదేనని తేల్చి ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కు బయల్దేరతారు. అక్కడే ఇంకొకడు సరిగ్గా అలాంటి తోకచుక్కలు తెప్పించే ఫిల్టరు కోసం బేరమాడుతుంటాడు.

సెమిస్టర్ ముగిసేసరికి హాస్టల్ గ్రూపులో ప్రకటన వస్తుంది: గింబల్, రింగ్ లైటు, లెన్సుల సెట్టు, కొత్తవే, రెండు సార్లే వాడినవి, సగం ధర. వాడితే ఫొటోలు ఎలా వచ్చాయో ఒక్క శాంపిలైనా పెట్టడు. ఫస్టియర్ కుర్రాడు అది అడగడు కూడా. బ్యాగు ఫ్రీగా ఇస్తావా అన్నా, అని అడుగుతాడు.