పందిలి ఏ దిక్కుకు?

నా పేరు యాషికా మ్యాట్ 124జీ. రెండు కళ్ల పెట్టెను. పై కన్ను చూడటానికి, కింది కన్ను ఫోటో తీయటానికి. జపానులో 1970 నుంచి 1986 వరకు నా తోబుట్టువులు తయారయ్యారు. పుట్టుక గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు. నేను బతికిందంతా తమిళనాట ఒట్టన్‌చత్రంలో, ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం మాట్లాడే ఒక స్టూడియో అయ్య మెడలో.

మా అయ్య పెండ్లి ఒప్పుకున్నాడంటే ముందు డబ్బు మాట అడిగేవాడు కాదు. "మామా, తాళి కట్టేది ఎన్నింటికి? పిల్లా పిల్లోడూ ఏ దిక్కు చూసి కూచుంటారు?" అని అడిగేవాడు. పెండ్లికి ముందురోజు, ముహూర్తం పడే వేళకే, సైకిలు మీద ఆ ఊరికి పోయేవాడు. పందిలి వేసేచోట నిలబడి తన అరచెయ్యి ముఖమంత ఎత్తున పట్టుకుని మెల్లగా చుట్టూ తిరిగేవాడు. చేతి మీద వెలుగు ఎక్కడ మెత్తగా పడుతుందో, ఎక్కడ గీత గీసినట్టు నీడ పడుతుందో చూసుకునేవాడు. ఆ పని అయ్యాకే నన్ను తోలు సంచిలోంచి తీసేవాడు.

ఈ సీమలో అది ఎంత అవసరమో చెబుతాను. ఇక్కడ ఏప్రిల్ మధ్యలో ఒకసారి, ఆగస్టు చివర్లో ఒకసారి మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి వస్తాడు. సరిగ్గా అవే చిత్తిరై, ఆవణి నెలల ముహూర్తాల రోజులు. ఆ ఎండలో ఎంత అందగత్తెకైనా కంటిగుంటలు నల్లబడతాయి, ముక్కు నీడ పెదవి మీద పడుతుంది. పొద్దున ఆరు, ఏడు గంటల మధ్య ముహూర్తమైతే సూర్యుడు ఇంకా కిందనే ఉంటాడు. పందిలి తూర్పుకు తెరిచి ఉంటే వెలుతురు కప్పు కిందుగా లోపలికి నడిచివచ్చి, కూచున్న ఇద్దరి ముఖాల మీదా సమంగా నిలుస్తుంది. దక్షిణాన పళని కొండలు ఉండనే ఉన్నాయి. అటు తిరిగి తీస్తే కొండ వెనక నిలుస్తుంది, ఎండ పక్కనుంచి పడి నగల చెక్కడమంతా తేలుతుంది.

చెట్లన్నీ ఒకటి కాదు. కొబ్బరితోట కంటికి చల్లగా ఉంటుంది కాని, ఫోటోకు పనికిరాదు. మట్టల సందుల్లోంచి పడే ఎండ పెండ్లికూతురి బుగ్గ మీద తెల్లటి మచ్చలు వేస్తుంది, గాలి ఆడిందంటే ఆ మచ్చలూ ఆడతాయి. చింతనీడ చిక్కన. ఆ నీడ అంచున, ముందు ఆకాశం తెరిచి ఉన్నచోట మనిషిని నిలబెడితే వేరే దీపం అక్కరలేదు. షామియానా గుడ్డ రంగూ చూడాలి. ఎర్రగుడ్డ కింద అందరూ ఎర్రబడతారు, నీలం కింద జబ్బుమనుషుల్లా కనిపిస్తారు. మా అయ్య బతిమాలి తెల్లగుడ్డ వేయించేవాడు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి రాజకంబళం కులంవారి పెండ్లిళ్లు. వారిలోనివాడైన గోపాల నాయకుడు పాళెగాడుగా ఏలి, 1801లో ఆంగ్లేయుల చేతిలో ఉరికంబమెక్కిన విరూపాక్షి ఒట్టన్‌చత్రానికి దగ్గరే. వారి పాత ఆచారంలో పెండ్లి ఇంట్లో జరిగేది కాదు. ఊరి పొలిమేర దాటాక బయట నేల మీద రెండు పందిళ్లు వేసి, వాటిలో ఎద్దు జీను మీద వధూవరులను కూర్చోబెట్టేవారని 1909లో అచ్చైన ఎడ్గర్ థర్స్టన్ గ్రంథంలోనూ ఉంది. పొలిమేర అంటే అడ్డుగోడ లేని చోటు, నాలుగు దిక్కులా ఆకాశం. ఫోటో అనేది పుట్టకముందే ఆ పెద్దలు ఫోటోకు తగిన చోటు ఏరి పెట్టారని నా నమ్మకం. పైగా నన్ను కడుపు ఎత్తున పట్టుకుని, తల వంచి, నా అద్దంలోకి చూస్తారు. నేల దగ్గర కూచున్నవారిని తీయటానికి అంతకంటే మంచి ఎత్తు లేదు. ఉరుము వాద్యం మోగుతుండగా, వారి దేవరాట్టం నాట్యం ఆడే కాళ్ల దుమ్ములోంచి నేను ఆ ముఖాలను వారి ఎత్తునుంచే చూశాను. ఎవరినీ పైనుంచి కిందికి చూడలేదు. అది నా గర్వం.

రోలుకు పన్నెండే ఫోటోలు. ఊటీలో 1960లో పెట్టిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ఇందు ఫిల్ము వేసుకున్న రోజుల్లో ఒక్కటీ వృథా పోకూడదని మా అయ్య ఊపిరి బిగబట్టి మీట నొక్కేవాడు. చోటు ముందే చూసుకున్నాడు కాబట్టి ఆ పన్నెండూ నిలిచేవి.

తర్వాత పెండ్లిళ్లు మండపాలకెక్కాయి. కూరగాయల సంతకు లారీలు వచ్చే రోడ్ల పక్కనే పెద్ద పెద్ద మండపాలు లేచాయి. వానకు తడవరు, వంటకు నీళ్లుంటాయి, కార్లు నిలుస్తాయి. వాటిని నేను కాదనను. కాని వేదికను గోడకు ఆనించి, కిటికీలకు తెరలు కట్టి, ట్యూబులైట్ల కింద కూర్చోబెట్టారు. కలరు ఫిల్ము మీద ఆ వెలుగు పాచిరంగుగా దిగేది. మండపం మాట్లాడేటప్పుడు ఎన్ని ఆకులు పడతాయని అడిగేవారే కాని, పొద్దున కిటికీ తెరవనిస్తారా అని అడిగినవారు లేరు. మా అయ్య ఒక్కడే అడిగేవాడు. నవ్వేవారు.

ఆయన పోయాక నన్ను గాజుబీరువాలో పెట్టారు. తుడిచే చెయ్యి లేదు. వానాకాలపు చెమ్మకు నా కింది కంటిలో బూజు పట్టి, సాలెగూడులా పాకింది. వెలుగు కొలిచే నా ముల్లుకు పాదరసం సెల్లు కావాలి, దాని తయారీ ఆగిపోయింది. ఊటీ కర్మాగారమూ మూతపడింది. నాతో పాటు ఉండిన నెగటివులను, ఆ పొలిమేర పందిళ్లన్నిటినీ, గది ఖాళీ చేసిన రోజున సంచుల్లో కట్టి పాతసామాన్ల వాడికి వేశారు. నన్ను ఎందుకు ఉంచుకున్నారో తర్వాత తెలిసింది.

పెండ్లికి ముందు తీసే ఫోటోల్లో జంట చేతికి అలంకారంగా ఇవ్వటానికి. మొన్న ఒక తోటకు తీసుకుపోయారు. ఆ అమ్మాయి నన్ను ఎత్తి కంటికి ఆనించుకుంది. నన్ను అలా చూడరమ్మా, తల వంచి చూడాలి అని చెప్పేవారు పక్కన లేరు. లోపల ఫిల్ము లేదు. అయినా నా పై కన్ను ఇంకా శుభ్రంగానే ఉంది, చుట్టూ అంతా చూశాను. మర్నాటి రిసెప్షను కోసం కట్టిన వేదిక పడమర చూస్తోంది. సాయంత్రం ఐదింటికి పెండ్లివారు అక్కడ నిలబడి వరుసగా వచ్చేవారికి నమస్కారాలు చేయాలి. ఎండ సూటిగా కళ్లలో పడుతుంది, ప్రతి ఫోటోలోనూ కళ్లు చిట్లించి ఉంటారు. కొద్ది అడుగుల దూరంలో పెద్ద చింతచెట్టు ఉంది, దాని వెనకే కొండ. ఫోటోగ్రాఫరు కుర్రవాడు తోటవారిని ప్లగ్గు ఎక్కడుందో అడిగి, తీగలు పరచుకోవటం మొదలుపెట్టాడు.