మునిగిన బిస్కెట్టు

పోయిన ఆదివారం పొద్దున సికింద్రాబాదులో, మేం ఎప్పుడూ కూర్చునే ఇరానీ హోటల్లో, నా ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో పడి పోయింది. ఇందులో విశేషం లేదు. ముప్ఫయ్యేళ్ల పైబడి ప్రతి ఆదివారం ఒకటో రెండో అలా పోతూనే ఉన్నాయి. విశేషమల్లా ఏమిటంటే, అది సగానికి విరిగి కప్పులోకి జారుతుంటే ఎదురుగా కూర్చున్న ఫిజిక్సు మాస్టారు వేలెత్తి చూపించి, "గందుకే చెప్పిన, నిలువుగ ముంచకు, పండవెట్టి ముంచుమని" అన్నారు. పరామర్శకొచ్చి "ముందే మంచి డాక్టరుకి చూపించాల్సింది" అనే చుట్టాలుంటారే, అచ్చం ఆ గొంతుతో.

మా బల్ల దగ్గర ముగ్గురం. మాస్టారిది వరంగల్, జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. రెండో ఆయనది కర్నూలు, బ్యాంకు మేనేజరుగా దిగిపోయాడు. నాది తెనాలి పక్కన పల్లెటూరు. మూడు యాసలు, ఒక బల్ల, నాలుగు కుర్చీలు. నాలుగో కుర్చీలో సంచులు కూర్చుంటాయి. ముగ్గురమూ ఇళ్లలో కూరగాయలకని చెప్పే బయల్దేరతాం మరి.

మా ఊళ్లో నా చిన్నప్పుడు బిస్కెట్టు తిండి కాదు, మందు. ఒళ్లు కాలుతుంటే నాయన తెనాలి నుంచి బ్రెడ్డూ బిస్కెట్ పాకెట్టూ తెచ్చేవాడు. అమ్మ గ్లాసులో వేడిపాలు పోసి, బిస్కెట్టు నాన్చి నోట్లో పెట్టేది. మిగిలిన పిల్లలు గడపలో నిలబడి నా అదృష్టాన్ని చూస్తుండేవాళ్లు. ఆ వైభవం భరించలేక మా తమ్ముడు ఒకసారి ఎవరో చెప్పారని చంకలో ఉల్లిపాయ పెట్టుకుని రాత్రంతా పడుకున్నాడు. జ్వరం రాలేదు. వాడి పక్కన మాత్రం మూడు రోజులు ఎవరూ పడుకోలేదు.

అలాంటి వాణ్ని 1994లో ఉద్యోగానికి హైదరాబాదు వచ్చాను. పక్క వాటాలో మాస్టారు ఉండేవారు. పరిచయమైన మర్నాడే "పా అన్నా, చాయ్ తాగొద్దాం" అని ఇరానీ హోటలుకి తీసుకెళ్లారు. మేం నోరు తెరవకముందే వెయిటరు ఒక ప్లేటు నిండా బిస్కెట్లు తెచ్చి పెట్టిపోయాడు. నేను గతుక్కుమన్నాను. మొహం చూడగానే జబ్బు మనిషినని ఎలా కనిపెట్టాడు? అడక్కుండా పెట్టారంటే ఊరికే పెట్టినట్టేనని ధైర్యం చెప్పుకుని అయిదు తిన్నాను. లేచేటప్పుడు అదే వెయిటరు హోటలు మధ్యలోంచి గల్లా వైపు తిరిగి, "దో చాయ్, ఛే బిస్కిట్" అని ఊరంతా వినేలా కేకేశాడు. ఆ ఆరింట్లో మాస్టారిది ఒకటే. తిన్నవి లెక్కపెట్టి డబ్బులు తీసుకుంటారని, మిగిలినవి వేరే బల్లకి వెళ్తాయని నాకప్పుడు తెలిసింది. అక్కడున్న జనానికి నా సంగతి కూడా తెలిసింది.

ఆ బిస్కెట్టుకు ఆఖరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరొచ్చింది. మూసీ ఒడ్డునున్న ఉస్మానియా ఆసుపత్రిలో రోగుల కోసం మొదలుపెట్టారని ఒక కథ. కథ నిజమో కాదో గానీ, విన్నరోజు నాకు మహా సంతోషం వేసింది. మా అమ్మదీ నిజాముదీ ఒకే వైద్యం!

చాయ్ దగ్గర మాత్రం మా అమ్మకీ ఈ హోటలుకీ పొత్తు కుదర్లేదు. మా ఇంట్లో టీ అంటే పాలూ నీళ్లూ పొడీ పంచదారా అన్నీ ఒకే గిన్నెలో పడేసి ఉమ్మడి కుటుంబంలా మరగబెట్టడం. పొంగిందంటే అందరూ కలిసే పొంగుతారు. ఇరానీ చాయ్ అలా కాదు. మూత బిగించిన పాత్రలో డికాషన్ సన్నమంట మీద గంటలకొద్దీ ఊరుతూ ఉంటుంది. పాలు వేరే పొయ్యి మీద చిక్కబడుతుంటాయి. ఎవరి కాపురం వాళ్లది, కప్పులో మాత్రమే కలుస్తారు. ఆ కలయిక అంత రుచిగా ఎందుకుంటుందో పెళ్లయినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

పర్షియా నుంచి బొంబాయి, పుణెల మీదుగా వచ్చినవాళ్లు ఇక్కడ ఈ హోటళ్లు పెట్టారు కాబట్టి అవి ఇరానీ హోటళ్లయ్యాయి. ఇరాన్‌లోనేమో టీలో పాలు పోసుకోరు. పంచదార బిళ్ల పళ్ల మధ్య పెట్టుకుని నల్లటి టీ తాగుతారు. "అంటే ఇరానీ చాయ్ ఇరాన్‌లో దొరకదన్నమాట" అని నేను ఆశ్చర్యపోతే, బ్యాంకాయన కళ్లజోడు పైనుంచి చూసి, "బొంబాయి రవ్వ బొంబాయిలో పండుతాదేమప్పా?" అన్నాడు. జవాబు తట్టక చాయ్ తాగాను.

అసలు సంగతికొస్తాను. రెండు వారాల కిందట మాస్టారు ఒక కాగితం మడిచి జేబులో పెట్టుకొచ్చారు. బిస్కెట్టు టీలో ఎందుకు విరిగిపడుతుందో ఇంగ్లండులో బ్రిస్టల్ యూనివర్సిటీకి చెందిన లెన్ ఫిషర్ అనే భౌతిక శాస్త్రవేత్త లెక్క కట్టాడట. దానికి 1999లో ఇగ్ నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. ఇది అసలు నోబెల్ కాదు, ముందు నవ్వించి ఆ తర్వాత ఆలోచనలో పడేసే పరిశోధనలకిచ్చేది. నాకు నవ్వు రాలేదు. ముప్ఫయ్యేళ్లుగా నా బతుకులో జరుగుతున్న నష్టాన్ని ఒక మనిషి కూర్చుని పట్టించుకున్నాడంటే కళ్లు చెమర్చాయి.

మాస్టారు బల్లనే బోర్డు చేసుకుని, ఒలికిన చాయ్‌లో వేలు ముంచి బొమ్మ గీశారు. "బిస్కిట్ల పిండి పలుకులుంటయి. వాటిని అతికించి పట్టుకునేది చక్కెర. నడుమ సన్న సన్న సందులు. వేడి చాయ్ ఆ సందులల్లకెళ్లి పైకి పాకుతది, దీపంల ఒత్తికి నూనె ఎక్కినట్టు. చక్కెర కరుగుతది, పిండి ఉబ్బుతది, ఇగ అంతే, కూలుడే." ఎంతసేపట్లో ఎంత దూరం పాకుతుందో చెప్పే సూత్రాన్ని వాష్‌బర్న్ అనే ఆయన 1921లోనే రాసిపెట్టాడట. ఫిషర్ దాన్ని బిస్కెట్టుకి అన్వయించి ఉపాయం చెప్పాడు: అడ్డంగా పడుకోబెట్టి కింది వైపే తడపాలి. పైభాగం పొడిగా ఉంటే అది పట్టుకుని ఆపుతుంది.

పడుకోబెట్టడం బ్రిస్టల్‌లో ఎలా కుదిరిందో గానీ, మా హోటలు కప్పులో కుదరదు. మూతి చిన్నది. బిస్కెట్టు అడ్డంగా దిగాలంటే వేళ్లు కూడా దిగాలి. నా రెండు వేళ్లు దిగాయి. తెనాలి భాషలో నాలుగు మాటలన్నాను. అప్పుడు బ్యాంకాయన నెమ్మదిగా తన చాయ్ సాసర్లోకి వంచి, అందులో బిస్కెట్టును పాపాయికి స్నానం చేయించినట్టు అడ్డంగా తేల్చి తీశాడు. విరగలేదు! సాసర్లో పోసుకుని జుర్రుకుంటే మోటు అని మా అబ్బాయి నన్ను ఎన్నిసార్లు కసురుకున్నాడో. వాణ్ని ఆ పూట అక్కడికి పిలిపించాలనిపించింది.

ఇక ప్రయోగం మొదలు. బ్యాంకాయన ఫోన్లో సెకన్లు లెక్కపెడుతున్నాడు. మాస్టారు ఊపిరి బిగబట్టారు. నేను తేలుస్తున్నాను. ఒకటి గట్టెక్కింది. రెండోది గట్టెక్కింది. మూడోదాని దగ్గరుండగా వెయిటరు వచ్చి భుజం మీద చెయ్యేసి, "క్యా హువా సాబ్? సబ్ ఖైరియత్?" అన్నాడు. తలలు వంచుకుని, మాటామంతీ లేకుండా మేం ముగ్గురం కూర్చోవడం అతను ఇన్నేళ్లలో చూడలేదు. ఎవరో పోయారనుకున్నాడు.

అప్పుడు మాకూ అనిపించింది. పది నిమిషాలుగా ఎవరం ఏమీ మాట్లాడుకోలేదు. బ్యాంకాయన అపార్టుమెంటులో లిఫ్టు బాగయిందో లేదో తెలియదు. దాని మరమ్మతు డబ్బు పైఅంతస్తు వాళ్లే కట్టుకోవాలని కింది వాళ్లు, మేమూ మెట్లే ఎక్కుతున్నాం మేమెందుకు కట్టాలని పైవాళ్లు, మూడు నెలలుగా సీరియల్ నడుస్తోంది. మాస్టారి మనవడు అమెరికా నుంచి తెలుగులో చెప్పిన కొత్తమాట ఏమిటో వినలేదు. పోయినసారి "తాతా, నీ మోకాలు ఏడుస్తుందా" అన్నాడు. మోకాలు నొప్పికి అంతకన్నా మంచి మాట మాకెవరికీ తెలియదు. నేను చెప్పాల్సిన గ్యాస్ బండ గొడవ కడుపులోనే ఉండిపోయింది. ఫోను పక్కన పడేసి లిఫ్టు దగ్గర మొదలుపెట్టాం. మూడో అంతస్తు దాకా వచ్చేసరికి నా చేతిలో బిస్కెట్టు సగమే ఉంది.

ఫిషర్ తప్పేమీ చెప్పలేదు. ఆయన లెక్కలో పిండి ఉంది, చక్కెర ఉంది, సందు వెడల్పు ఉంది. ఎదురుగా కూర్చుని "తర్వాత ఏమైందో విను" అనేవాడు ఒక్కడు లేడు. వాడున్నచోట సెకన్లు ఎవడు లెక్కపెడతాడు?

ఈ మధ్య ఇంకో చిక్కొచ్చింది. నాకు షుగరుందని డాక్టరు తేల్చాడు. జ్వరమొస్తే చేతిలో పెట్టిన బిస్కెట్టునే షుగరొచ్చిందని లాగేసుకున్నారు. మా ఆవిడ చిన్న డబ్బాలో రాగి బిస్కెట్లు పెట్టి పంపుతోంది. పోయిన ఆదివారం మొదట వాటిలో ఒకదాన్నే చాయ్‌లో ముంచాను, అదీ నిలువుగా. లిఫ్టు కథ అయిపోయింది, గ్యాస్ బండ అయిపోయింది, టమాటా ధర, మోకాళ్లు, బ్యాంకాయన వియ్యంకుడి గ్రీన్ టీ, అన్నీ అయిపోయాయి. తీసి చూస్తే చెక్కుచెదరలేదు. బల్ల మీద కొడితే టక్కుమంది. మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి వాష్‌బర్న్ సూత్రం పనిచెయ్యదే" అని డబ్బాలో పెట్టేశారు. ఆ తర్వాతే నేను ప్లేటు వైపు చెయ్యి చాపింది.

లేచేటప్పుడు వెయిటరు గల్లాకి వేసిన కేక: మూడు చాయ్‌లు, ఏడు బిస్కెట్లు. మునిగినదాన్ని కూడా కలిపాడు. వాటిలో నావి మూడు. ఇంట్లో ఒక్కటే తిన్నానని చెప్పాను. మా ఆవిడ ఎక్కడైనా కనిపించి అడిగితే, మీరు కూడా ఒక్కటనే చెప్పండి.