పడవలో కాపురము

కేరళదేశమునకు విహారార్థము పోయి, అలప్పుళ కడ కొబ్బరితాళ్ళతో కుట్టిన కెట్టువళ్ళములను పడవలలో ఒక రాత్రి పవళించి, చేపల వేపుడు నారగించి తిరిగివచ్చిన మా బంధువర్గములోని యువకులు ఇటీవల నన్ను చూచినప్పుడెల్ల అడుగుచున్న ప్రశ్న యొక్కటే: "తాతగారూ, మీరు ఒకప్పుడు పడవలో కాపురం ఉన్నారట కదా! మేమూ ఓ పాత పడవ కొని గోదావరి కాలువలో వేసుకుందామనుకుంటున్నాం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?" ఒక్కొక్కనికి విడివిడిగా చెప్పుటకు నా కిప్పుడు ఓపిక చాలదు గావున, అందరికిని కలిపి ఒక్కసారి వ్రాసి పెట్టుచున్నాను.

యలమంచిలి వాస్తవ్యునకు పడవ విద్య ఎట్లబ్బెనని మీకు సందేహము కలుగుట సహజమే. ఒకప్పటి విశాఖ మండలములోని మా యలమంచిలికి శారదానది కలదు, చేరువలో వరాహనది కలదు. వేసవిలో ఆ రెంటిని చెప్పులు తడవకుండ దాటవచ్చును. రైలు కలదు. నర్సీపట్నమునకు రైలు లేకపోయినను, మా తరువాత కొంతదూరములో "నర్సీపట్నం రోడ్" అను స్టేషను కలదు. అందు దిగినవానికి రోడ్డు కనబడును గాని నర్సీపట్నము కనబడదు. ఇన్ని యున్నను పడవ నడచు కాలువ మాత్రము మాకు లేదు. అది యున్నది మరియొక యలమంచిలికి. పాలకొల్లు చెంత, పశ్చిమగోదావరి మండలములో, మా యూరి పేరే పెట్టుకొని, చుట్టును నీరు నింపుకొని యొక గ్రామము కలదు.

నా యౌవనమున, నేను కొలువు చేయుచుండిన కార్యాలయమువారు నన్ను "యలమంచిలి"కి బదిలీ చేయుచు ఉత్తరువు పంపినప్పుడు, పరస్థలపు హోటలు భోజనములతో కృశించుచున్న నన్ను స్వగ్రామము పిలుచుచున్నదని మా యింటిల్లిపాదియు సంతసించిరి. మా అమ్మ వీధి యరుగులు అలికించి ముగ్గులు పెట్టించెను. అంతట మా పెద్దగుమాస్తాగారు చల్లగా, "అది మీ యలమంచిలి కాదండీ, పాలకొల్లు పక్కది" అని సెలవిచ్చిరి. ఈ వార్త విని మా అమ్మ, "ఏటిరా నాయినా, మనూరి పేరు ఇంకొకులు ఎలా పెట్టుకుంతారు?" అని ఆశ్చర్యపడెను. ఆ ప్రశ్నకు ఏ కార్యాలయమును నేటివరకు సమాధాన మియ్యలేదు.

ఆ పల్లెలో అద్దెయిల్లు దొరకలేదు. కొత్తగా కాపురమునకు వచ్చిన భార్యతో, రెండు ట్రంకుపెట్టెలతో, ఒక ఆవకాయ జాడీతో వీధిలో నిలువబడిన నాకు, నరసాపురము కాలువలో కట్టివేసియుండిన ఒక పాత ధాన్యపు పడవ, పైన తాటాకు గూడుతోను, లోపల ఒక వృద్ధ సరంగుతోను సహా, చవుకగా అద్దెకు లభించెను. "పడవ బాగున్నదా?" అని అడిగితిని. "ఆయ్, మంచిదేనండి. కాస్త నీరు తాగుద్దండి, అంతే" అని సరంగు చెప్పెను.

పడవలో కాపురము చేయువానికి పడవ వెలుపలి నీటితో ఏమియు పని లేదు. వాని బ్రదుకంతయు పడవ లోపలి నీటితోనే. కవులు వెలుపలి నీటిలో చంద్రబింబమును చూతురు. గృహస్థుడు లోపలి నీటిలో తేలుచున్న తన చెప్పును చూచును. ఎంత మంచి టేకు పలకలైనను, మేకు దిగిన చోటను, పలకకు పలకకు నడుమను నీరు దారి వెదకుచునే యుండును. కొయ్య నీటిలో నానినంతకాలము ఉబ్బి సందులు మూసికొనును. ఎండిన వెంటనే కుంచించుకొని నోరు తెరచును. కావున ఒడ్డున ఎండలో పడియుండిన పడవ చవుకగా దొరకినదని కొని, ఆనాడే సామానులతో నీటిలోనికి దింపువాడు ఆ సామానులను ఈతగాండ్రచేత తిరిగి తీయించుకొనవలసివచ్చును. తెలిసినవారు దానిని వట్టిగ దింపి, కొన్నిదినములు నీరు త్రాగనిచ్చి, పలకలు ఉబ్బిన పిమ్మట ఆ నీటిని తోడివేసి, అప్పుడు పాలుపొంగింతురు. వాడుక లేని కాలమున పడవ చెడకుండుటకు దానిని బుద్ధిపూర్వకముగ నీట ముంచి యుంచుట కూడ పూర్వమునుండి యున్న పద్ధతియే. సొమ్మును కాపాడుకొనుటకై ముంచుకొనుట ఇతర వ్యాపారములలో నింద్యము. పడవ వ్యాపారములో శాస్త్రసమ్మతము.

ఏటేట పలకల సందులలోని పాత నారను ఉలితో పెరికివేసి, కొత్త నారను సుత్తితో దట్టించి, నూనెలో కాచిన గుగ్గిలమును పైన పూయించవలెను. అడుగునకు తారు పట్టించవలెను. ఈ పనిని రేపటికి వాయిదా వేయవచ్చునని తోచును. పడవ మాత్రము తన పనిని వాయిదా వేయదు. గుగ్గిలము పూసిన తరువాత కొంతకాలము, గట్టువెంట పోవువారెల్ల ఆగి, "ఏమండీ, వ్రతం ఏమైనా చేసుకుంటున్నారా?" అని అడుగుదురు. ప్రసాదమునకు ఎదురుచూచువారును కొందరుందురు. వారిని నొప్పింపక పంపుటకు పటికబెల్లము దగ్గర నుంచుకొనుట మంచిది.

తూకము విషయమున నేను విస్తరించి చెప్పక తప్పదు. ఇంటిలో బీరువాను ఏ మూల నుంచినను ఇల్లు ఒరుగదు. పడవలో భార్య ట్రంకుపెట్టెను ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు జరిపినచో, అంతవరకు సమముగ నుండిన పులుసు గిన్నె తన అభిప్రాయమును వెంటనే ప్రకటించును. బరువైనవన్నియు అడుగున, నడుమన ఉండవలెను: బియ్యపు బస్తా, రోలు, ఊరగాయ జాడీలు. ఈ నియమము వస్తువులకే గాక బంధువులకును వర్తించునని మాకు సంక్రాంతికి తెలిసినది. పండుగకని వచ్చిన మా అత్తవారి కుటుంబమంతయు, కాలువ దృశ్యము రమ్యముగ నున్నదని ఒక ప్రక్కనే వరుసగ కూర్చుండగా, పడవ ఆ ప్రక్కకు వంగి నమస్కరింపనారంభించెను. సరంగు చుక్కాని వదలక, "పంతులుగారూ, అత్తగారిని కొంచెం ఇటు జరగమనండి, మాఁవగారిని అక్కడే ఉంచండి" అని కేకవేసెను. అతనిది కేవలము వృత్తిధర్మము. కాని నా భార్య లోపలినుండి, "ఏమండీ, మా అమ్మను ధాన్యం బస్తాల లెక్కలో జమకడుతున్నాడేమిటండీ మీ సరంగు?" అని ప్రశ్నించినప్పుడు, దానికి నౌకాశాస్త్రరీత్యా ఉత్తరమియ్యగల ధైర్యము నాకు లేకపోయెను. ఇంగ్లండు కాలువలలోని పడవలు రమారమి ఏడడుగుల వెడల్పే యుండునని చదివితిని. అక్కడివారు అత్తవారిని ఎక్కడ కూర్చుండబెట్టుదురో ఆ గ్రంథములో లేదు.

పొయ్యిని ఇసుక పోసిన పెట్టెపై, గాలికి చాటుగ, తాటాకు గూటికి దూరముగ పెట్టవలెను. ఈ మూడు షరతులును ఒక్క పడవలో ఏకకాలమున నెరవేరుట దుర్లభము. అందువలన వంటయైనంతసేపు చెంబుతో నీరు పట్టుకొని ఒకరు నిలువబడవలెను. ఆ యొకరు భర్త.

ప్రయాణము మాటకు వచ్చెదను. గాలి యున్నచో తెరచాప, లేనిచో గెడ, దారి దూరమైనచో గట్టుమీద మనుష్యులు నడచుచు తాడుతో లాగుట. ఎగువకు పోవునపుడు కాలువ ఎదురుదన్నును గాన బేరము ఎక్కువ, వేగము తక్కువ. దిగువకు అందుకు విపర్యయము. ఎదురుగ మరియొక పడవ వచ్చినపుడు ఒకరు తమ తాడును జారవిడిచి రెండవవానికి దారి యియ్యవలెను. ఎవరు విడువవలెననుటను గూర్చి సరంగుల నడుమ జరుగు వాదప్రతివాదములలో వంశచరిత్రలు సమగ్రముగ వెలువడును; ఆ సమయమున స్త్రీలను లోపల నుండుడని చెప్పుట మర్యాద.

లాకులలో మిక్కిలి జాగరూకత వలయును. డెల్టా భూమి సముద్రము వైపునకు మెల్లగ దిగిపోవును గాన, ఆ దిగుడును మెట్లు మెట్లుగ చేసి, ఒక్కొక్క మెట్టుకడ రెండు జతల తలుపులు పెట్టి లాకు కట్టిరి. దిగువకు పోవు పడవ ఆ తలుపుల నడుమ చేరగనే పైతలుపులు మూసి నీటిని క్రిందికి వదలుదురు. నీటితోపాటు పడవ దిగును. ఆ సమయమున ఒడ్డుగుంజకు తాడును ముడివేసి, నిశ్చింతగ పత్రిక చదువుకొను యజమాని కొంతసేపటికి తల యెత్తి చూచునప్పటికి, నీరు దిగియుండును, పడవ ఒక ప్రక్క తాటికి వ్రేలాడుచుండును, ఆవకాయ జాడీ మూడవ ప్రదేశమున నుండును. తాడు చేతిలోనుంచుకొని నీరు దిగినకొలది వదలుచుండవలెను. ఇక లాకు తలుపులు తీయు లస్కరుతో వివాదము పెట్టుకొనరాదు. అతడు భోజనమునకు పోయినచో మీరును భోజనము చేయుడు; అతడు నిద్రించినచో మీరును నిద్రింపుడు.

గుర్రపుడెక్కను గూర్చి ఒక్కమాట. దక్షిణ అమెరికానుండి వచ్చిన ఈ మొక్క పూవు లేతవంగరంగులో నిజముగ సుందరమే. రాత్రి నిద్రించునపుడు పడవచుట్టు నాలుగు మొక్కలుండును. కొద్దివారములు అశ్రద్ధ చేసినచో పడవ కాలువలో నున్నదో పొలములో నున్నదో గట్టుమీదివారికి తెలియదు. పూవును పొగడు అతిథిచేతికి వెంటనే కొడవలి యియ్యవలెను.

పన్నులు, లైసెన్సులు ఉండవని తలంచి పడవకు పారిపోదలచినవారు 1890 నాటి మదరాసు కాలువలు, రేవుల చట్టమును ఒకసారి తిరుగవేయుట మంచిది. తపాలావారి సంగతి వేరు: చిరునామా జరుగుచుండు గృహస్థునికి ఉత్తరము లందించు బాధ్యత తమది కాదని వారు తీర్మానించిరి. అందువలన కొన్ని అప్పుల నోటీసులు నాకు చేరలేదు.

అన్నిటికంటె ముఖ్యమైన దానిని చివరకు మిగిల్చితిని. కాలువ పడవది కాదు, వరిచేనుది. 1847లో ధవళేశ్వరము కడ ఆనకట్ట నారంభించి 1852 నాటికి ముగించిన కాటన్ దొర కాలువలను నావల రాకపోకలకు కూడ అనుకూలముగ త్రవ్వించిన మాట నిజమే. రైళ్ళకంటె కాలువలే ఈ దేశమునకు లాభకరములని చిరకాలము వాదించిన మాటయు నిజమే. ఏలూరు కాలువ గోదావరిని కృష్ణతో కలిపెను. ఆవల కొమ్మమూరు కాలువ, పెదగంజాము నుండి బకింగ్‌హాము కాలువ. కాకినాడలో పడవ యెక్కినవాడు చెన్నపట్నము వరకు సముద్రపు అల తగులకుండ పోగలిగిన కాల మొకటి యుండెను. ఆ చెన్నపట్నములో కూవము నదిని అడయారు నదితో కలిపిన కాలువ భాగమును 1877-78 నాటి కరవులో ఆకలిగొన్న జనులచేత త్రవ్వించిరి. ఆ తరువాత రైలు వచ్చెను, 1900 నాటికి రాజమండ్రి కడ గోదావరిపై వంతెన వచ్చెను, పిదప లారీ వచ్చెను. ప్రయాణికుడు దిగిపోయెను, ధాన్యము దిగిపోయెను. కాకినాడ-పుదుచ్చేరి కాలువలను 2008లో నాలుగవ జాతీయ జలమార్గముగ ప్రకటించిరి. ప్రకటన నేటికిని పదిలముగ నున్నది, పడవ లేదు.

కాని వరి యున్నది. దాళ్వా పంట చేతికి వచ్చిన పిమ్మట, వేసవిలో, పూడిక తీయుటకును మరమ్మతులకును కాలువలు కట్టివేయుదురు. ఈ సంగతి పడవ అద్దెకిచ్చువాడు చెప్పడు. నీరు దినదినమును తగ్గును. ఒకనాటి యుదయమున లేచి చూడగా పడవ బురదపై ఒక వైపునకు ఒరిగి కూర్చుండియుండును. మంచముపై పడుకొన్న భార్యాభర్తలు తెల్లవారునప్పటికి ఒకే మూలకు చేరుదురు. పాలు పొంగినపుడు ఎల్లప్పుడు ఒకే దిక్కునకు పొంగును. పిల్లలు అడుగున గోళీలాడుదురు, మేకలు పడవనీడలో పండుకొనును, మిగిలిన మడుగులలో చేపలు పట్టువారు మీ వంటయింటి గోడకు బుట్టలు ఆనించుదురు. కదలని యింటికి చుట్టపుచూపుగ వచ్చువారు ఎక్కువగుదురు. పడవ కొత్త అల్లుని వంటిది: నడచినను ఖర్చే, కూర్చున్నను ఖర్చే. అయినను, నార మార్పించి గుగ్గిలము పట్టించుటకు ఆ కాలమే తగినది. తక్కిన సంవత్సరమంతయు అడుగు మీకు కనబడదు. ఆ పని ముగించి, జూను మాసములో సార్వాకు నీరు వదలిన దినమున ఇంటిలో ఎవరును ముఖ్యమైన సామాను క్రింద పెట్టరాదు.

ఇంత చెప్పినను మావాళ్ళు మానుకొనరని నే నెరుగుదును. నీటిపై చపలత్వము తీరుటకే పడవ కావలెననువారికి మా ప్రక్కనే ఏటికొప్పాక కలదు. అంకుడు కర్రతో లక్కరంగులు పూసిన పడవ నొకటి చేయించుకొని బల్లపై పెట్టుకొనవచ్చును. దానికి నార అక్కరలేదు, సరంగు అక్కరలేదు. నిజముగ నివసింపదలచినవారు మాత్రము, కాలువలు నిండుగ పారు సంక్రాంతినాడు చూపించు పడవకు బేరమాడవలదు. వైశాఖమాసమున, కాలువలు కట్టివేసిన పిమ్మట పోయి, బురదలోనికి దిగి, అడుగు పలకలను ఒక్కొక్కదానిని ఉలితో పొడిచి చూచి, ఉలి దిగకున్నచో అప్పుడు బయానా ఇయ్యవలెను.