గజం లక్ష, బాట గోడ కింద

హైదరాబాద్ శివార్లలో శంకర్‌పల్లి రోడ్డు మీద ఆదివారం పూట ఒక మాట తరచుగా వినిపిస్తుంది. కారు అద్దం నాలుగు వేళ్ల మేర దించి, ఏసీ మాత్రం ఆపకుండా అంటారు: "ఇక్కడ నడవడానికి ఏముందండీ? నడకంటే యూరప్‌లోనే." అలా అన్న ఒకాయన నిరుడే ఇటలీ వెళ్లి, అమాల్ఫీ తీరంలో 'దేవతల బాట' నడిచి వచ్చాడు. బొమెరానోలో మొదలై నొచెల్లె దాకా సాగే ఏడు కిలోమీటర్ల కాలిబాట అది. ఒక పక్క కొండ, ఒక పక్క ఎంతో దిగువన సముద్రం. ఆ ఫొటోలు కాలనీ వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ ఆరలేదు. అదే పెద్దమనిషి తన విల్లా నుంచి క్లబ్‌హౌస్‌కి పోవాలంటే గుమ్మంలో నిలబడి బ్యాటరీ బండి కోసం ఎదురుచూస్తాడు.

ఆ ఇటలీ నడకకు ముందు ఇంకో నడక ఉంది. దానికి ఫొటోలుండవు. మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీ గుడిలో వీసా కోసం 11 ప్రదక్షిణలు, వీసా వచ్చాక మొక్కు తీర్చుకుంటూ 108. చెప్పుల్లేవు, బ్రాండెడ్ బూట్ల ప్రసక్తే లేదు. లెక్క తప్పకుండా కాగితం మీద గీతలు పెట్టుకుంటూ, ముందువాళ్ల మడమలు తొక్కుకుంటూ సాగే నడక. యూరప్ వెళ్లే షెంగెన్ వీసా రుసుము 90 యూరోలు, వీసా రాకపోయినా తిరిగి రాదు. చిలుకూరు దేవుడికి హుండీ కూడా లేదు. చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతంలో నగరవాసి మనసుపెట్టి చేసే నడక ఇదొక్కటే. అదీ ఇంకో దేశంలో నడవడానికి!

ఈ బలహీనతను అందరికంటే ముందు పసిగట్టింది మన బిల్డర్లు. యూరప్ వెళ్లలేనివాళ్ల కోసం యూరప్‌నే శంకర్‌పల్లి దగ్గరి మోకిలకు, కొండకల్‌కు దించేస్తామన్నారు. బ్రోచర్ తెరిస్తే చాలు, ఒక పేజీలో టస్కనీ, ఇంకో పేజీలో శాంటోరినీ. ముందు గోడకు రెండు కమాన్లు, పైన ఎర్ర పెంకులు, మధ్యలో నీళ్లు రాని ఫౌంటెన్. టస్కనీ కొండల మీద బారులు తీరి నిలబడే సైప్రస్ చెట్ల స్థానంలో నరమామిడి. దూరం నుంచి, కళ్లజోడు తీసి చూస్తే సైప్రస్ లాగే ఉంటుంది. చివరి పేజీలో 'ప్రకృతి నడకదారి' అని ఉంటుంది. అంటే కాంపౌండ్ గోడ లోపల, గోడను ఆనుకుని, రబ్బరు పరిచిన గుండ్రటి బాట. ఎంత నడిచినా ఎక్కడికీ చేరం. పైగా గోడ తప్ప ఏమీ కనబడదు.

దీని ఖరీదు తక్కువేం కాదు. 2023 ఆగస్టులో హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) మోకిలలో ప్లాట్లు వేలం వేస్తే గజం 1,05,000 రూపాయల దాకా పలికింది. ఒక గజమంటే మనిషి పెద్దగా వేసిన ఒక అడుగు. లక్ష రూపాయల అడుగు వేసేవాడు ఆచితూచి వేస్తాడు, లేదా అసలు వేయడు. ఆ మరుసటి ఏడాది సెప్టెంబరు వానలకు మోకిలలో విల్లాల మధ్య నీళ్లు నిలిచాయి. టస్కనీకని డబ్బు కట్టినవాళ్లకు వెనిస్ దక్కింది. అదనపు చార్జీ కూడా పడలేదు.

ఇంతకీ దక్షిణ యూరప్‌లో మనవాళ్లు లక్షలు పోసి నడిచే బాటలేమిటో చూద్దాం. పోర్చుగల్ ఏలుబడిలోని మదీరా ద్వీపంలో 'లెవాడా' నడకలు ప్రసిద్ధి. లెవాడా అంటే సాగునీటి కాలువ. తడి ఉన్న ఉత్తరపు కొండల నుంచి ఎండిన దక్షిణపు పొలాలకు నీళ్లు తెచ్చే కాలువ. దాని పక్కన, పూడిక తీసే పనివాళ్లు నడవడానికి వదిలిన గట్టు. అంతే. మన రైతు పొద్దున్నే పార భుజాన వేసుకుని కాలువ గట్టు మీద నడిస్తే వ్యవసాయం, మన సాఫ్ట్‌వేర్ మేనేజర్ మదీరాలో అదే పని పార లేకుండా చేస్తే జీవితానుభవం. స్పెయిన్‌లో 'రాజు గారి చిన్న బాట' ఉంది. మలగా దగ్గర లోయ గోడకు అతికించినట్టుండే దారి. దాన్ని 1901 నుంచి 1905 దాకా కట్టింది జలవిద్యుత్ కేంద్రం కూలీలు అటూ ఇటూ తిరగడానికి. 1921లో రాజు ఒకసారి వచ్చిపోయాడు, పేరు ఆయనకు పోయింది. పాడుబడ్డ ఆ దారిని బాగుచేసి 2015లో మళ్లీ తెరిచారు. ఇటలీ తీరంలోని చింక్వె తెర్రె బాటలేమో ద్రాక్ష రైతులవి. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి, మెట్లు మెట్లుగా చేసుకున్న మడుల మధ్య దారులు. మనం గట్టు రాళ్లంటామే, అవి.

కూలీల దారి, కాలువ గట్టు, పొలం బాట. మన ఊళ్లలో వీటికి కొదవా? కొదవ వేరేచోట ఉంది. యూరప్‌లో బాట అంటే బాటే, దాన్ని కొనడానికి వీల్లేదు. ఫ్రాన్స్‌లో 1976 చట్టం ప్రకారం సముద్రతీరపు ఆస్తుల మీదుగా జనం నడవడానికి మూడు మీటర్ల వెడల్పు దారి వదలాలి, యజమాని ఎంత కోటీశ్వరుడైనా సరే. స్పెయిన్‌లో గొర్రెల మందలు తోలుకుపోయే పాత దారులు ప్రజల ఆస్తి అని 1995లో చట్టం చేశారు. వాటిలో పెద్ద వాటి వెడల్పు 75 మీటర్ల దాకా ఉంటుంది. ఆ హక్కు మరుగున పడకూడదని కాపరులు శరదృతువులో ఒక రోజు మాడ్రిడ్ నడిబొడ్డున గొర్రెలను నడిపిస్తారు. నగరం ఆగి చూస్తుంది. చింక్వె తెర్రెలో 'ప్రేమ బాట' పొడవు కిలోమీటరు కూడా ఉండదు. 2012లో బండలు విరిగిపడితే మూసేసి, మళ్లీ పూర్తిగా తెరవడానికి 2024 దాకా పనిచేశారు.

ఇక మన సంగతి. ప్రతి ఊరికీ రెవెన్యూ వాళ్ల దగ్గర ఒక నక్ష ఉంటుంది. అందులో బండ్ల బాటలు గీసి ఉంటాయి. ఎడ్లబండి పోయేందుకు, పశువులు చెరువుకు దిగేందుకు, పక్క ఊరికి పెళ్లి బృందం నడిచేందుకు మన ముత్తాతలు వదిలిన జాగ. నక్ష బాట అంటే ఎవడూ దున్నుకోకూడదు. దున్నుకోలేదు కూడా, గోడ కట్టుకున్నారు. వెంచర్ పడ్డ చోట మొదట వచ్చేది జేసీబీ, తరవాత బాట మీద మట్టి, ఆ తరవాత ప్రహరీ, చివరికి సెక్యూరిటీ కుర్రాడు. రోజూ అటునుంచే గొర్లు తోలుకుపోయిన కురుమాయన గేటు దగ్గర నిలబడితే "ఎవరికోసమొచ్చినవ్ తాతా? ఫోన్ చేయించు" అంటాడు ఆ కుర్రాడు. తాత ఎవరికి ఫోన్ చేయించాలి, ముత్తాతకా? మాడ్రిడ్‌లో గొర్రెల మందకు నగరం దారి ఇస్తుంటే చప్పట్లు కొట్టి వీడియో తీసినాయన విల్లా ఆ గోడ లోపలే ఉంటుంది. నంబరు ఎ-14.

 

ద్రాక్షతోటల మధ్య నడక అని ఇంకొకరు నిట్టూరుస్తారు. అయ్యా, హైదరాబాద్ చుట్టూ రంగారెడ్డి జిల్లాలో అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్లు ఎన్నెకరాల్లో ఉండేవో మీ నాన్నగారిని అడగండి. లారీల్లో ఊళ్లు దాటిపోయేవి ఆ గుత్తులు. భూమి రేటు ద్రాక్ష రేటును మించిన రోజున రాతి స్తంభాలు పీకి హద్దురాళ్లు నాటాం. ఆ ప్లాటు అమ్మిన డబ్బుతో ఇప్పుడు టస్కనీ వెళ్లి, ద్రాక్ష వరసల మధ్య నిలబడి "ఎంత బాగా కాపాడుకున్నారండీ" అని ఆశ్చర్యపోతున్నాం.

చేవెళ్ల మీదుగా పోయే బీజాపూర్ రోడ్డు మర్రిచెట్ల దగ్గరా ఇదే వరస. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల పొడవునా నిజాం కాలం నాటి మర్రులు, దాదాపు 900. రోడ్డు వెడల్పు కోసం వాటిని కొట్టేయొద్దని కొందరు ఏళ్ల తరబడి హరిత ట్రైబ్యునల్‌లో పోరాడారు. ఆ రోడ్డు ఇరుకు ప్రాణాంతకమన్నదీ అబద్ధం కాదు. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును గుద్ది 19 మంది చనిపోయారు. రోడ్డు వెడల్పు కావాల్సిందే, చెట్లూ ఉండాల్సిందే. ఈ రెండింటికీ లెక్క కుదర్చడం ఇంజినీర్ల పని, వ్యంగ్యం పని కాదు. నా పేచీ ఆ మర్రి కింద కారాపి, "అచ్చం ప్రొవాన్స్ లాగా ఉంది కదూ" అన్నవారితో. చేవెళ్ల మర్రికి ఫ్రాన్స్ నుంచి యోగ్యతాపత్రం తెచ్చిపెట్టారు, సంతోషం.

"మరి ఇక్కడ నడవాలంటే ఎండ సంగతేమిటి?" అంటారు. ఎండలు ముదిరితే గ్రీసులోనూ అక్రోపోలిస్‌ను మిట్టమధ్యాహ్నం మూసేస్తారు. మనకు కార్తీకం నుంచి మాఘం దాకా చామంతి తోటల మీద మంచు కురిసే పొద్దులున్నాయి. ఆ పొద్దున మీరు దుప్పట్లో ఉంటారు. కుక్కల సంగతి మాత్రం ఒప్పుకుంటాను. అవి నన్నూ తరిమాయి.

కాబట్టి నాదొక మనవి. చేవెళ్ల చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా ఇంకా గోడ కింద పడని బండ్ల బాట ఒకటి మిగిలి ఉంటే, పంచాయతీ వారు దానికి వెంటనే ఇటాలియన్ పేరు పెట్టాలి. టికెట్ యూరోల్లోనే ఉండాలి, రూపాయలు తీసుకోకూడదు. రోజుకు ఇంతమందే అని హద్దు పెట్టి, మూడు నెలల ముందు బుకింగ్ చేయించాలి. కురుమాయనకు టోపీ పెట్టి గైడుగా నియమించాలి, గొర్లతో సహా. దారిలో జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు ఇచ్చి, స్థానిక వంటకమని బిల్లు వేయాలి. నగరం కట్టలు తెంచుకుని వస్తుంది, నాకు అనుమానం లేదు. కాకపోతే బోర్డు పాతిన మర్నాడే ఎవరో ఒక బిల్డరు వచ్చి, బాటను ఆనుకుని ఉన్న ప్లాట్లకు గజానికి పదివేలు పెంచుతాడు.