కొత్త కంప్యూటర్ లేవకపోతే పరువు దక్కించుకునే మార్గం

విడిభాగాలు కొనుక్కొచ్చి, ఇంట్లోనే బిగించి, బటన్ నొక్కితే తెర నల్లగా ఉండిపోయిందనుకోండి. దానికి రెండు పరిష్కారాలున్నాయి. మొదటిది కంప్యూటర్‌ను లేపడం. రెండోది, అది లేవకపోవడానికి బిగించినవారు కారణం కాదని ఇంటిల్లిపాదినీ నమ్మించడం. మొదటిదాని కోసం మదర్‌బోర్డు పెట్టెలోనే చిన్న పుస్తకం ఒకటి వేసి ఇస్తారు. చాలామందికి అవసరమయ్యేది రెండోదే అయినా, దానికి ఇంతవరకూ సరైన మార్గదర్శి లేదు. ఆ లోటు తీర్చడమే ఈ వ్యాసం పని. మొత్తానికి మూలసూత్రం ఒక్కటే: అనుమానం ఎప్పుడూ ఖరీదైన వస్తువుతో మొదలవ్వాలి, మన చేతుల దాకా ఎన్నడూ రాకూడదు.

కాబట్టి ముందుగా ‘ప్రాసెసర్ పోయింది’ అని ప్రకటించండి. ఫ్యాక్టరీలో పరీక్షించాకే కదా ప్రాసెసర్‌ను పెట్టెలో పెట్టేది అని ఎవరైనా అడ్డు తగలవచ్చు. నిజమే. దానికి కరెంటిచ్చే తీగను మనం ఎలా గుచ్చామో మాత్రం ఏ ఫ్యాక్టరీ పరీక్షించలేదు. పరీక్షకు నిలిచినదాన్ని వదిలి, పరీక్షే జరగనిదాన్ని ముందు అనుమానించాలని తర్కం చెబుతుంది. అందుకే తర్కాన్ని దరికి రానివ్వకండి. ‘ఫ్యాన్లు తిరుగుతున్నాయి కదా, కరెంటు అందుతున్నట్టే’ అని గట్టిగా అనండి. కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్ నుంచి బోర్డుకు 24 పిన్నుల కనెక్టర్ వెళ్తుంది, ఫ్యాన్లు తిరగడానికి అది చాలు. ప్రాసెసర్‌కు విడిగా, సాధారణంగా 8 పిన్నులది, బోర్డు పైమూలలో మరో కనెక్టర్ ఉంటుంది. కూలర్ బిగించాక అక్కడికి వేళ్లు పోవు కనుక దాన్ని మరిచిపోవడం సులభం. అది గుచ్చకపోయినా ఫ్యాన్లు హుషారుగా తిరుగుతూనే ఉంటాయి. మన నిర్దోషిత్వానికి ఇంతకు మించిన సాక్షి దొరకదు.

తర్వాతి ముద్దాయి మానిటర్. దాని తీగ గ్రాఫిక్స్ కార్డుకు కాకుండా బోర్డు వెనకున్న హెచ్‌డీఎంఐ రంధ్రానికి పెట్టి ఉంటే అలాగే ఉంచండి. రంధ్రం ఉందంటే అందులోంచి బొమ్మ రావాలన్నది లోకం నమ్మే వాదన. అయితే ఆ బొమ్మను తయారు చేయాల్సింది ప్రాసెసర్. పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో ఆ పని చేసే భాగం ఉండదు. రైజెన్ 5600జీలో ఉంటుంది, రైజెన్ 5600లో ఉండదు. ఆ భాగం లేనిదాన్ని బిగిస్తే బోర్డు మీది ఆ రంధ్రం అలంకారమే. ఈ సంగతి ఇంట్లో తెలిసేలోగా మానిటర్ వారంటీ కార్డు వెతకడం మొదలుపెట్టండి. ర్యామ్ జోలికి అసలే పోవద్దు. చాలా బోర్డుల్లో స్లాటుకు ఒకవైపే క్లిప్పు ఉంటుంది, రెండోవైపు సగమే దిగినా పైనుంచి చూస్తే అంతా సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. టక్కుమనేదాకా నొక్కితే కంప్యూటర్ లేచి కూర్చునే ప్రమాదం ఉంది.

అసలు పేచీ ఏమిటంటే, కంప్యూటర్లకు నిజం చెప్పే అలవాటు మొదటినుంచీ ఉంది. 1981 నాటి ఐబీఎం పీసీ కూడా ఆన్ కాగానే తనను తాను పరీక్షించుకుని, అంతా బాగుంటే ఒక్కసారి బీప్‌మనేది. ఇప్పుడు చాలా బోర్డుల మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని రాసి నాలుగు చిన్న లైట్లు పెట్టారు. ఏది ఆరకుండా వెలుగుతూ ఉండిపోతే బేరం అక్కడ చెడిందన్నమాట. ఆ వెలుగు వస్తువుదా, బిగింపుదా అన్నది చెప్పదు గానీ, వెతకాల్సిన చోటు చెబుతుంది. అదే చాలు మన కేసు వీగిపోవడానికి. రంగురంగుల ఫ్యాన్లతో వాటిని కప్పేయండి. మరో జాగ్రత్త: ఏఎం5 బోర్డులు మొదటిసారి ఆన్ చేసినప్పుడు డీడీఆర్5 ర్యామ్‌ను సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు తెరను నల్లగానే ఉంచవచ్చు. ఓపిక పడితే లేస్తుంది. కనుక అరనిమిషానికోసారి ఆపి మళ్లీ నొక్కండి.

‘ఆడలేక మద్దెల ఓడు అంటున్నావు గానీ, ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడు కావచ్చు కదా’ అని అడిగేవారు ఉంటారు. న్యాయమైన ప్రశ్న. పెట్టెలోంచే పాడై వచ్చే భాగాలు ఉంటాయి. అసలు తప్పు కొనుగోలుదీ కావచ్చు: 2018లో వచ్చిన బీ450 బోర్డు, 2020లో వచ్చిన రైజెన్ 5000 ప్రాసెసర్‌ను బయాస్ అప్‌డేట్ చేయనిదే గుర్తుపట్టదు. అప్పుడు బోర్డూ మంచిదే, ప్రాసెసరూ మంచిదే, చేతులూ మంచివే. అయితే తప్పు ఎక్కడుందో వెతికి పట్టే పద్ధతి కూడా ఉంది, మన పరువుకు అసలు శత్రువు అదే. బోర్డును క్యాబినెట్‌లోంచి తీసి దాని అట్టపెట్టె మీద పెట్టడం, ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్, బొమ్మ రావడానికి కావలసింది తప్ప మిగతావన్నీ పీకేయడం, పవర్ బటన్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ మొనతో క్షణం తాకించడం. లేస్తే తప్పు పీకినవాటిలోనో, క్యాబినెట్‌లోనో ఉంది. బోర్డు కింద అక్కర్లేని చోట మిగిలిన ఇత్తడి స్టాండాఫ్ కూడా షార్ట్ చేయగలదు. తర్వాత ఒక్కొక్కటే చేరుస్తూ పోతే దొంగ దొరుకుతుంది. దొరకకూడదనుకుంటే అన్నింటినీ ఒకేసారి మార్చండి. అప్పుడు లేచినా ఎందుకు లేచిందో ఎవరికీ తెలియదు, ‘సెట్ చేశాను’ అంటే సరిపోతుంది.

ఈ మార్గానికి ఉన్న బలహీనత ఒక్కటే. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో కొన్నా, ఇంకెక్కడ కొన్నా, ‘పోయింది’ అని పట్టుకెళ్లిన బోర్డును షాపులో కౌంటర్ మీదే అందరి ముందూ ఆన్ చేసి చూస్తారు. పరువు కంటే కంప్యూటరే ముఖ్యమనుకునేవారు మాత్రం అనుమానాన్ని చవకైన వైపు నుంచి మొదలుపెట్టండి: గోడ స్విచ్చు, ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్చు, రెండు కరెంటు కనెక్టర్లు, మానిటర్ తీగ, ర్యామ్. వీటిని చూడటానికి రూపాయి ఖర్చు లేదు. ఇవన్నీ సరిగా ఉండి, బయాస్ కూడా ప్రాసెసర్‌కు సరిపోయేదై ఉండి, అట్టపెట్టె మీద కూడా లేవకపోతే అప్పుడు వస్తువును నిందించండి. ఆ నిందకు ఆధారం ఉంటుంది, వారంటీ అడగడానికి ముఖమూ ఉంటుంది.